వాకిట్లో అంటించిన చీటీ

మన ఊళ్లలో ప్రహరీ గోడల మీద ఒక మాట తరచూ కనిపిస్తుంది: ‘ఇచ్చట పోస్టర్లు అంటించరాదు’. ఆ గోడ పక్కన కాపలా మనిషి ఉండడు. మాట వినకపోతే ఏమవుతుందో కూడా రాసి ఉండదు. అయినా జిగురు డబ్బా పట్టుకుని వచ్చినవాడు ఒక్క క్షణం ఆగి చదువుతాడు. ఆ తర్వాత పక్క గోడకు పోతాడా, ఇక్కడే అంటిస్తాడా అన్నది అతని సంస్కారం.

వెబ్‌సైట్ల వాకిళ్లలోనూ ఇలాంటి చీటీ ఒకటి ఉంటుంది. పేరు రోబోట్స్.టీఎక్స్‌టీ. గూగుల్, బింగ్ వంటి సెర్చ్ ఇంజన్లు ఒక సైటులో అడుగుపెట్టే ముందు చదివేది దీన్నే. కృత్రిమ మేధకు మేతగా పేజీలు పోగుచేసే యంత్రాలు చదవాల్సిందీ దీన్నే. సైటు చిరునామా తర్వాత ఒక స్లాష్ గీత పెట్టి, వెంటనే ఈ ఫైలు పేరు టైప్ చేస్తే ఎవరికైనా కనిపిస్తుంది. చాలా సైట్లలో అది పదీ పదిహేను లైన్లు దాటదు. ఇంత చిన్న వస్తువు ముప్పై ఏళ్లకు పైగా ఇంత బరువు ఎలా మోసిందో, దాని పనితనం ఎక్కడుందో దగ్గరగా చూద్దాం.

దెబ్బ తిన్నవాడు చేసిన పని

1993 జూన్‌లో అమెరికాలోని ఎంఐటీలో మాథ్యూ గ్రే అనే విద్యార్థి, వెబ్ ఎంత పెరిగిందో కొలవడానికి ఒక ప్రోగ్రాము రాశాడు. దానికి వరల్డ్ వైడ్ వెబ్ వాండరర్ అని పేరు పెట్టాడు. ఒక పేజీ తెరవడం, అందులోని లింకులు పట్టుకుని తర్వాతి పేజీలకు పోవడం, అక్కణ్నుంచి ఇంకొన్నిటికి పోవడం. నేటి క్రాలర్లన్నీ మూలంలో చేసే పని ఇంతే. ఆ తర్వాత ఇలాంటివి ఒకటొకటిగా పుట్టుకొచ్చాయి. మనిషి ఒక పేజీ చదివేలోపు యంత్రం పదుల పేజీలు అడుగుతుంది. అడిగినవే మళ్లీ అడుగుతుంది. అంతులేని లింకుల సుడిలో పడి అక్కడే తిరుగుతుంది. ఆనాటి బలహీనమైన సర్వర్లు ఆ తాకిడికి కుదేలయ్యేవి.

బ్రిటన్‌లో నెక్సర్ అనే సంస్థలో పనిచేస్తున్న డచ్ ఇంజనీరు మార్టైన్ కోస్టర్ సర్వరూ అలా ఒక క్రాలర్ దెబ్బ తిన్నది. ఆ క్రాలర్ రాసింది తానేనని, తర్వాతి కాలంలో సైన్స్ ఫిక్షన్ రచయితగా పేరుపొందిన చార్లెస్ స్ట్రాస్ చెప్పుకున్నారు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. కోస్టర్ క్రాలర్ల శత్రువు కాడు. 1993 నవంబరులోనే ఆలీవెబ్ అనే సెర్చ్ ఇంజన్‌ను ప్రకటించినవాడు. అది తానుగా ఊరంతా తిరిగేది కాదు. సైటు యజమానులు తమ పేజీల జాబితాను ఒక ఫైలుగా రాసి పెడితే, దాన్ని తెచ్చుకుని వెతుకుడు పట్టీలో చేర్చుకునేది. అంటే ఇంటివాడి మాట అడిగి లోపలికి రావడం అన్న ఆలోచన ఆయన చేతిలో అప్పటికే ఉంది. గుమ్మానికి అటూ ఇటూ నిలబడి చూసినవాడు గనుకే, 1994 ఫిబ్రవరిలో ఆయన చేసిన ప్రతిపాదనలో కోపం కనిపించదు. రోబోట్లు రాకూడదని అనలేదు. ఎక్కడికి రావద్దో చెప్పే వీలు కావాలన్నాడు, అంతే.

అప్పటికి రోబోట్లు రాసేవాళ్లు కొద్దిమందే. ఒకరినొకరు ఎరుగుదురు. ఈమెయిళ్లలో చర్చించుకుని 1994 జూన్ 30 నాటికి చాలామంది ఒక అంగీకారానికి వచ్చారు. ఆ రోజు తయారైన పత్రం తన గురించి తాను చెప్పుకున్న తీరు చూడండి. ఇది ఏ ప్రమాణాల సంస్థా ఆమోదించినది కాదు. ఏ కంపెనీ సొత్తూ కాదు. దీన్ని ఎవరూ అమలు చేయించరు. అన్ని రోబోట్లూ పాటిస్తాయన్న హామీ లేదు. తన బలహీనతను మొదటి పేజీలోనే ఒప్పుకున్న నిబంధనావళి అరుదు.

పేరులోనే సగం పనితనం

ఫైలుకు ఆ పేరు ఎందుకు పెట్టారో ఆ పత్రమే వివరిస్తుంది. అన్ని రకాల కంప్యూటర్లలోనూ చెల్లే పేరు కావాలి. ఆ రోజుల్లో డాస్ యంత్రాలు పేరుకు ఎనిమిది అక్షరాలు, తోకకు మూడు అక్షరాలకు మించి ఒప్పుకునేవి కావు. ‘రోబోట్స్’కు ఇంగ్లిషులో ఆరు అక్షరాలు, తోకకు మూడు. చక్కగా ఇమిడింది. తోక ఎలా ఉండాలంటే, దాన్ని పంపడానికి సర్వర్‌లో కొత్త అమరిక ఏదీ చేయనక్కర్లేకుండా ఉండాలి. మామూలు అక్షరాల ఫైలును ఏ సర్వరైనా పంపగలదు. పేరు వినగానే ఎందుకో తెలియాలి, గుర్తుండాలి. సైటులో అప్పటికే ఉన్న ఫైళ్లతో తగాదా రాకూడదు. నాలుగు షరతులు, ఒక్క పేరు.

దాన్ని ఉంచే చోటు కూడా ఇలాగే ఆలోచించి పెట్టిందే. ప్రతి సైటుకూ ఒకే ఒక ఫైలు, అదీ వాకిట్లోనే. రోబోట్ ఒక్కసారి అడిగితే సైటు మొత్తం సంగతీ తెలిసిపోతుంది. రోబోట్ల తాకిడి తగ్గించడానికి పుట్టిన ఏర్పాటు, తానే మరో తాకిడి కాకూడదన్న జాగ్రత్త ఇందులో ఉంది. ఇందులో ఒక నష్టమూ ఉంది. ఉమ్మడి సర్వర్‌లో నాలుగు పేజీలు పెట్టుకున్న మనిషికి వాకిట్లో చీటీ అంటించే అధికారం ఉండదు. అది సర్వర్ నడిపేవాడి చేతిలో పని. ఆ లోపాన్నీ పత్రం దాచలేదు. పెద్ద పత్రాల్లో ఉండని నిజాయితీ ఈ చిన్నదాంట్లో ఉంది.

రెండు మాటలు, ఒక గీత

1994 నాటి చీటీలో మాటలు రెండే. ‘యూజర్-ఏజెంట్’ అంటే ఎవరితో మాట్లాడుతున్నామో ఆ రోబోట్ పేరు. ‘డిజాలౌ’ అంటే ఎక్కడికి వద్దో ఆ దారి. పేరు స్థానంలో నక్షత్రం గుర్తు పెడితే, విడిగా పేరు పెట్టి చెప్పని రోబోట్లన్నిటికీ వర్తిస్తుంది. దారి స్థానంలో ఒంటి స్లాష్ పెడితే సైటంతా మూత. ఆ స్లాష్ లేకుండా ఖాళీగా వదిలేస్తే సైటంతా బార్లా.

ఈ ఒక్క గీత మహిమ వెబ్‌సైట్లు కట్టేవాళ్లందరికీ తెలుసు. సైటు ఇంకా కడుతున్నప్పుడు, సగం పని గూగుల్ కంటపడకుండా ఆ గీత పెడతారు. ప్రారంభోత్సవం రోజు హడావుడిలో దాన్ని చెరపడం మరిచిపోతారు. సైటు మనుషులకు బాగానే కనిపిస్తుంది. వెతికేవాళ్లకు మాత్రం దొరకదు. కారణం తెలియడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది.

చీటీయే లేకపోతే? రోబోట్ తనను ఆహ్వానించినట్టే భావించుకోవచ్చు. ఈ నిర్ణయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, సెర్చ్ ఇంజన్ల చరిత్రంతా దీని మీదే నిలబడింది. అనుమతి ఉన్న చోటికే రావాలి అని ఆనాడు రాసుకుని ఉంటే, చీటీ సంగతే తెలియని సైట్లన్నీ వెతుకుడుకు అందకుండా చీకట్లోనే ఉండిపోయేవి. తలుపు తెరిచే ఉంటుంది, వద్దనుకున్నవాడు చెప్పాలి. వెబ్ పెరిగింది ఈ పద్ధతి మీదే. ఇప్పుడు తగాదా వచ్చిందీ దీని మీదే. ఆ సంగతికి తర్వాత వద్దాం.

మరో వాక్యం నన్ను బాగా ఆకట్టుకుంటుంది. రోబోట్ తనకు అర్థంకాని లైన్లను పక్కన పెట్టి ముందుకు సాగాలి అని రాశారు. అంటే రేపు ఎవరైనా కొత్త మాట చేర్చినా పాత రోబోట్లు కంగారుపడవు. 2007లో పెద్ద సెర్చ్ ఇంజన్లు సైటులోని పేజీల జాబితా ఎక్కడుందో చెప్పే ‘సైట్‌మ్యాప్’ లైనును ఇదే చీటీలో చేర్చినప్పుడు, ఎక్కడా ఏదీ విరగలేదు. పదమూడేళ్ల ముందు వదిలిపెట్టిన ఖాళీ జాగా అప్పుడు అక్కరకొచ్చింది.

‘#’ గుర్తు తర్వాత ఏది రాసినా యంత్రం చదవదు. ఆ చోటు మనుషుల కోసం. వికీపీడియా ప్రాజెక్టుల చీటీ తెరిస్తే ఈ చోటును ఎంత సరదాగా వాడారో తెలుస్తుంది. ఫలానా ప్రోగ్రామును విచ్చలవిడిగా వాడితే సర్వర్లకు ఇబ్బంది అవుతోందని ఒకచోట సంజాయిషీ ఇస్తుంది. ఇంకోచోట, ఈ రోబోట్ ఎలాగూ చీటీ చదవదు, అయినా రాస్తున్నాం అన్న ధోరణిలో నిట్టూరుస్తుంది. యంత్రాలకు రాసిన ఫైలులో మనిషి గొంతు ఇలా వినిపిస్తుంది.

గూగుల్ గుమ్మం ముందు ఆగినప్పుడు

ఈ ఒప్పందం ఇరవై ఎనిమిదేళ్లు అనధికారంగానే నడిచింది. 2019 జూలైలో గూగుల్ దీన్ని అధికారిక ప్రమాణంగా మార్చే ప్రయత్నాన్ని ప్రకటించి, చీటీ చదవడానికి తాను వాడే సీ++ కోడును కూడా అందరికీ విడుదల చేసింది. 2022 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 9309 అన్న సంఖ్యతో ప్రమాణ పత్రం వెలువడింది. రచయితల్లో మొదటి పేరు మార్టైన్ కోస్టర్‌దే.

గూగుల్ విడుదల చేసిన ఆ కోడులో ఒక ముచ్చటైన భాగముంది. ‘డిజాలౌ’ అన్న ఇంగ్లిషు మాటను జనం తప్పుగా రాసే పద్ధతులు అందులో ఐదు జాబితాగా ఉన్నాయి. ‘ఎస్’ రెండుసార్లు పడినా, ‘ఎల్’ ఒకటి తగ్గినా, అక్షరాలు తారుమారైనా ఆ కోడు సరైన మాటగానే తీసుకుంటుంది. అక్షరదోషం ఉందన్న సాకుతో లోపలికి దూరకుండా, రాసినవాడి ఉద్దేశాన్ని గౌరవించడం ఇది. మంచి గుమస్తా దరఖాస్తు చదివే పద్ధతి.

ప్రమాణంలోని మిగతా నియమాలూ ఇంతే నిదానంగా ఆలోచించినవి. రోబోట్ చీటీ అడిగినప్పుడు ఆ ఫైలు ఇక్కడ లేదు అని సర్వర్ చెబితే, అంటే 404 వంటి జవాబు వస్తే, లోపలికి రావచ్చు. సర్వర్ తానే మొరాయిస్తే, అంటే 5తో మొదలయ్యే అంకె జవాబుగా వస్తే, సైటంతా మూసి ఉన్నట్టే లెక్క. చీటీ లేకపోవడం వేరు, ఇంట్లో ఏదో ఇబ్బందిగా ఉండటం వేరు. రెండో సందర్భంలో గుమ్మంలోంచే వెనుదిరగడం మర్యాద. చీటీని ఒకసారి చదివి గుర్తుపెట్టుకోవచ్చు గానీ, మామూలుగా 24 గంటలు దాటితే మళ్లీ చూడాలి. చీటీ ఎంత పొడుగున్నా కనీసం 500 కిబిబైట్ల వరకు చదవాల్సిందే.

రెండు నియమాలు ఒకదానికొకటి అడ్డుపడితే ఏం చేయాలి? పత్రిక విభాగంలోకి రావద్దని ఒక లైను, అందులోని కథల విభాగానికి రావచ్చని, తర్వాత చేరిన అనుమతి మాటతో ఇంకో లైను ఉందనుకుందాం. ఏ లైను దారి ఎక్కువ పొడుగున కలిసిందో అదే చెల్లుతుంది. కథల దారి పొడుగైంది గనుక కథలు తెరిచే ఉంటాయి. రెండూ సమానమైతే అనుమతి వైపే మొగ్గు. న్యాయవాదుల వాదనలు అక్కర్లేని తీర్పు ఇది. కొలబద్ద పెట్టి చూస్తే చాలు.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా పనికొచ్చే వివరం కూడా ఇక్కడే ఉంది. పేజీ చిరునామాలో తెలుగు మాట ఉంటే, పోల్చే ముందు దాన్ని శాతం గుర్తుతో మొదలయ్యే సంకేతాలుగా మార్చాలి. మన లిపిలో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు, ఒక్కో బైటుకు మూడు గుర్తులు. ‘తెలుగు’ అన్న మాట చూడటానికి మూడు అక్షరాలే. గుణింతపు గుర్తులతో కలిపి యూనికోడ్‌లో ఆరు. చిరునామాలో మాత్రం అది 54 గుర్తుల తోరణం అవుతుంది. తెలుగు వికీపీడియా లింకును కాపీ చేసి పంపినప్పుడు వచ్చే ఆ పొడుగాటి గజిబిజి ఇదే. 1994లో ఈ చీటీ రాసినవాళ్లకు ఇంగ్లిషు దారులే కనిపించాయి. 2022 పత్రం ఇతర లిపుల దారులకూ లెక్క తేల్చింది.

చీటీకి చేతకానివి

పనితనాన్ని మెచ్చుకునేటప్పుడు హద్దులు కూడా చెప్పుకోవాలి. మొదటిది: రావద్దన్నంత మాత్రాన ఆ పేజీ వెతుకుడులో కనిపించదని కాదు. ఇతర సైట్లు దానికి లింకు ఇస్తే, గూగుల్ లోపల ఏముందో చదవకుండానే చిరునామాను మాత్రం చూపించవచ్చు. ఫలితాల్లో కనిపించకూడదని పేజీ లోపల ‘నోఇండెక్స్’ అని రాసి, అదే పేజీని చీటీలో మూసేస్తే, లోపల రాసింది చదివే అవకాశమే రోబోట్‌కు ఉండదు. లోపల నోటీసు అంటించి బయట తలుపు మూసినట్టు.

రెండోది: రహస్యాలు దీనిలో దాగవు. ఫలానా ఫోల్డరులోకి రావద్దు అని రాస్తే, ఆ ఫోల్డరు ఉందని లోకానికంతా చెప్పినట్టే. ఈ నియమాలు ప్రవేశాన్ని నియంత్రించే తాళం కాదని ప్రమాణ పత్రమే చెబుతోంది. దాచాల్సినది పాస్‌వర్డు వెనక ఉండాలి.

మూడోది: అందరికీ ఒక నియమాల గుంపు, గూగుల్ క్రాలరైన గూగుల్‌బాట్‌కు విడిగా ఇంకో గుంపు రాస్తే, గూగుల్‌బాట్ తన గుంపునే చదువుతుంది. అందరికీ చెప్పింది దానికి వర్తించదు. ఇది తెలియక తప్పులో కాలేసినవాళ్లు తక్కువేమీ లేరు.

అర్థం కాక కాదు

1998లో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ తమ కొత్త సెర్చ్ ఇంజన్ గూగుల్ గురించి రాసిన పరిశోధన పత్రంలో ఒక ముచ్చట చెప్పారు. క్రాలర్ అంటే ఏమిటో తెలియని సైటు యజమానులు, నా సైటులో ఇన్ని పేజీలు చూశారే, ఎలా ఉంది అని ఆనందంగా ఈమెయిలు రాసేవారట. ఇంకొందరు తమ పేజీలోనే, దీనికి హక్కులున్నాయి, వెతుకుడులో చేర్చవద్దు అని మామూలు మాటల్లో రాసుకునేవారట. ఆ వాక్యం క్రాలర్‌కు అర్థమయ్యేది కాదు.

ఈ ముచ్చట ఇప్పుడు చదివితే వింతగా ఉంటుంది. మామూలు మాట యంత్రానికి తలకెక్కదు గనుకే రెండు మాటల బిగువైన చీటీ అవసరమైంది. నేటి యంత్రం ఆ వాక్యాన్ని చదివి, అర్థం చెప్పి, అడిగితే తెలుగులోకి మార్చి కూడా ఇస్తుంది. అర్థం కాదన్న సమస్య తీరిపోయింది. మాట వినడమన్న సమస్య మాత్రం అలాగే ఉంది.

కృత్రిమ మేధ ఈ వాకిట్లోకి కొంత పక్కదారిన వచ్చింది. 2007లో మొదలైన కామన్ క్రాల్ అనే లాభాపేక్ష లేని సంస్థ వెబ్ పేజీలు సేకరించి ఎవరైనా వాడుకునేలా ఉంచుతుంది. దాని క్రాలర్ సీసీబాట్ చీటీ చదివే వస్తుంది. అయితే 2020లో వచ్చిన జీపీటీ-3 అనే భాషా మోడల్ శిక్షణ మిశ్రమంలో 60 శాతం వాటా ఆ సేకరణ నుంచి వడపోసిన పాఠ్యానిదే. తలుపు తెరిచి ఉంచిన సైటు యజమాని, పరిశోధకులు చూస్తారనుకున్నాడే గానీ ఇది ఊహించలేదు. సెర్చ్ ఇంజన్‌తో ఉన్న ఒప్పందం వేరు: నువ్వు నా పేజీ చదువు, నాకు పాఠకుణ్ని పంపు. జవాబు తానే చెప్పేసే యంత్రం పాఠకుణ్ని పంపాల్సిన పనిలేదు. చీటీ పాతదే, ఇచ్చిపుచ్చుకోవడం మారిపోయింది.

అయినా ఆ పాత చీటీయే మళ్లీ అక్కరకొచ్చింది. 2023 ఆగస్టులో ఓపెన్‌ఏఐ తన క్రాలర్‌కు జీపీటీబాట్ అని పేరు చెప్పి, వద్దనుకుంటే ఎలా ఆపాలో వివరించింది. క్రమంగా, శిక్షణ కోసం వచ్చేదానికి జీపీటీబాట్ అని, వెతుకుడు కోసం వచ్చేదానికి ఓఏఐ-సెర్చ్‌బాట్ అని, మనిషి అడిగినప్పుడు పేజీ తెరిచేదానికి చాట్‌జీపీటీ-యూజర్ అని వేర్వేరు పేర్లు పెట్టుకుంది. పేరు చూసి వచ్చిన పనేమిటో తెలుసుకోవచ్చు.

2023 సెప్టెంబరులోనే గూగుల్ ఇంకో అడుగు వేసింది. గూగుల్-ఎక్స్‌టెండెడ్ అన్న పేరును ప్రకటించింది. ఆ పేరుతో ఏ రోబోటూ రాదు. వచ్చేది మామూలు క్రాలరే. చీటీలో ఆ పేరుకు వద్దు అని రాస్తే, తెచ్చుకున్న పేజీని గూగుల్ జెమినై మోడళ్ల శిక్షణకు వాడకూడదని అర్థం. ఒళ్లు లేని పేరు అది. రావద్దు అని చెప్పడానికి పుట్టిన మాట, వచ్చి తీసుకున్నదాన్ని ఇలా వాడవద్దు అని చెప్పేదాకా సాగింది. అయితే సెర్చ్ ఫలితాల పైన కనిపించే కృత్రిమ మేధ సారాంశాలను ఈ పేరు ఆపదు. అవి సెర్చ్‌లో భాగం గనుక గూగుల్‌బాట్ లెక్కలోకే వస్తాయి. ఆ రోబోట్‌ను ఆపితే సెర్చ్‌కూ దూరమైనట్టే. చీటీలో చెప్పుకోవడానికి మాట లేని కోరిక ఇది.

మాట వినని రోబోట్ల సంగతి? మారుపేరుతో వచ్చేవీ ఉన్నాయి. గూగుల్‌బాట్‌నని చెప్పుకున్నది నిజంగా గూగుల్ నుంచే వచ్చిందా అని తెలుసుకోవడానికి, దాని నెట్‌వర్క్ చిరునామా ఏ పేరుకు చెందిందో చూసి, ఆ పేరు తిరిగి అదే చిరునామాకు చేరుతోందో లేదో సరిచూసే పద్ధతి ఉంది. 2025 జూలైలో సైట్లకు రక్షణ సేవలందించే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ, తన దగ్గర కొత్తగా చేరే సైట్లకు కృత్రిమ మేధ క్రాలర్లను మొదటి నుంచే ఆపే ఏర్పాటు ప్రకటించింది. డబ్బు చెల్లిస్తేనే లోపలికి అన్న పద్ధతినీ ప్రయోగంగా మొదలుపెట్టింది. అందుకు వాడిన సంకేతం 402, అంటే ‘రుసుము చెల్లించవలెను’. 1990ల నుంచి ఎప్పుడైనా పనికొస్తుందని పక్కన పెట్టి ఉంచిన అంకె అది. చీటీ ఉన్న చోట తాళాలు కూడా మొదలయ్యాయి.

పనితనం ఎక్కడుంది?

తాళాలు వచ్చాయి గనుక చీటీ ఓడిపోయిందని కొందరంటారు. నాకలా అనిపించదు. కోస్టర్ కట్టింది కోట కాదు. పాటించడాన్ని ఎంత తేలిక చేయాలో అంత తేలిక చేశాడు. ఒక్క ఫైలు, ఒక్కసారి అడగడం, రెండు మాటలు, పొడుగు చూసి తేల్చే తీర్పు. కుర్రవాడు ఒక మధ్యాహ్నంలో రాయగల ప్రోగ్రాముతో దీన్ని పాటించవచ్చు. ఇంత తేలికైన దాన్ని పాటించనివాడు తెలియక చేశానని చెప్పలేడు. దొంగను ఆపలేకపోయినా, దొంగెవరో దొర ఎవరో తేల్చిచెప్పగలిగింది ఈ చీటీ. ముప్పై ఏళ్ల తర్వాత కూడా వివాదం వచ్చిన ప్రతిసారీ అందరూ మొదట అడిగేది, చీటీలో ఏముంది అనే.

తెలుగులో వెబ్‌సైటు నడిపేవాళ్లకు చివరిగా ఒక మాట. పత్రికైనా, కథల గూడైనా, బడి సైటైనా సరే, ఈ రోజే మీ వాకిట్లోని చీటీ తెరిచి చదవండి. ఎవరో కట్టిపెట్టిన సైటులో ఎవరో రాసిన చీటీ ఉండిపోయి ఉంటుంది. శిక్షణకు మీ రాతలు ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. అది మీరే ఆలోచించి రాయండి. అంతకన్నా ముందు, నక్షత్రం గుర్తు కింద ‘డిజాలౌ’ పక్కన ఒంటరి గీత ఒకటి మరిచిపోయి ఉందేమో చూడండి. ఉంటే మీరు రాసినదంతా ఇన్నాళ్లూ వెతికేవాళ్లకు దొరకలేదన్నమాట.